నేనే చేసుకుంటా! ఇద్దరు పిల్లలున్న ఇంట్లో తరచుగా అడిగే ప్రశ్నలు

మాకిద్దరు పిల్లలు. పెద్దదానికి ఆరున్నరేళ్ళు, చిన్నోడికి నాలుగు నిండబోతున్నాయి. ఏడాది క్రితం దాకా మా ఇంట్లో ఎక్కువగా వినపడిన మాట "అమ్మా, రా". ఇప్పుడు "అమ్మా, నువ్వు పో". బంధువులూ స్నేహితులూ పదే పదే అడిగేవి, రెండో బిడ్డ పుట్టబోతున్నవాళ్ళు భయంభయంగా అడిగేవి, అర్ధరాత్రి నిద్రపట్టక నన్ను నేను అడుక్కున్నవి, అన్నీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. ముందే చెప్తున్నా, నేను నిపుణురాలిని కాదు. నా దగ్గరున్నదల్లా ఇద్దరు పిల్లలు, ఒక బాత్రూమ్. అది కూడా ప్రస్తుతం లోపల గడియ పెట్టి ఉంది.

ఈ "నేనే చేసుకుంటా" ఎప్పుడు మొదలవుతుంది?

మాటలు సరిగ్గా రాకముందే. చిన్నోడు తన పేరు పలకడం కన్నా ముందే "నేనే" అనడం నేర్చుకున్నాడు. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త 1950లో మనిషి ఎదుగుదలని ఎనిమిది దశలుగా విడదీసి చెప్పాడు. అందులో రెండోది, సుమారు ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ దాకా, మొత్తం ఈ గొడవే: నా పని నేను చేసుకోగలనా, లేక చేతకాక సిగ్గుపడాలా అని. మూడేళ్ళు దాటాక వచ్చే దశ ఇంకా రంజుగా ఉంటుంది, అప్పటికి తమ పనులు సరిపోక మన పనుల్లోకి కూడా వచ్చేస్తారు. మా వాడు రెండో దశ పూర్తిగా వదలకుండానే మూడోదాంట్లో కాలు పెట్టాడు. అంటే తన చొక్కా తనే వేసుకోవాలి, నా చున్నీ కూడా వాడే వెయ్యాలి.

పొద్దున్నే బయటికి బయలుదేరడానికి ఎంత టైం పెట్టుకోవాలి?

మీరనుకున్నదానికి రెట్టింపు. దాని మీద ఇంకో పది నిమిషాలు, అది ఒక సాక్సు కోసం.

ఎందుకో చెప్తాను. చిన్నోడి చొక్కాకి ఐదు బొత్తాలు. వాడు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు, పై బొత్తం కనపడాలని తల బాగా వంచుతాడు, వంచితే గడ్డం వచ్చి ఆ బొత్తం మీదే కూర్చుంటుంది, దాంతో బొత్తం మాయమైపోతుంది. నాలిక ఎడమవైపుకి బయటికొస్తుంది. తర్వాత బొత్తంతో మాటలు మొదలు. "రా, లోపలికి రా. రావా? నిన్న వచ్చావు కదా. సరే అక్కడే ఉండు, నీ పక్కదాన్ని పిలుస్తా." ఇలా పిల్లలు పని చేసుకుంటూ తమలో తాము మాట్లాడుకోవడం గురించి వైగోట్‌స్కీ అనే రష్యన్ మనస్తత్వవేత్త చాలా రాశాడు, ఆ పైకి మాటలే పెద్దయ్యేకొద్దీ లోపలికి వెళ్ళి ఆలోచనలుగా మారతాయని ఆయన అభిప్రాయం. అది తెలిసినప్పటి నుంచి వాడు బొత్తాన్ని బతిమాలుతుంటే మధ్యలో దూరడం మానేశాను. టైం చూసుకోవడం మాత్రం మానలేదు.

ఏడు నిమిషాల తర్వాత నాలుగు బొత్తాలు పడ్డాయి, పైన ఒక కాజా ఖాళీ, కింద ఒక బొత్తం మిగులు. "ఇది ఎక్స్‌ట్రా ఇచ్చారమ్మా" అన్నాడు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆలస్యమవుతోందని చివరి బొత్తం నేను పెట్టేశాను. వాడు ఏడవలేదు, అరవలేదు. నా మొహంలోకి చూస్తూ ఐదూ విప్పేసి మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాను.

బూట్లు ఎప్పుడూ తిరగేసే ఎందుకు వేసుకుంటారు?

ఉన్నవి రెండే బూట్లు, వాటిని వేసుకోడానికి ఉన్నవి రెండే పద్ధతులు. లెక్క ప్రకారం సగం సార్లైనా సరిగ్గా పడాలి. మా వాడికి పదింట తొమ్మిదిసార్లు తప్పే పడుతుంది, నాకైతే ఇది ప్రత్యేక ప్రతిభ అనే అనిపిస్తుంది.

పనికొచ్చిన చిట్కా ఒకటుంది. ఒక స్టిక్కరు బొమ్మని నిలువునా మధ్యకి కత్తిరించి, ఎడమ సగం ఎడమ బూటులో, కుడి సగం కుడి బూటులో, మడమ ఆనే చోట అంటించాలి. రెండు బూట్లూ పక్కపక్కన పెట్టినప్పుడు బొమ్మ కలిస్తే సరైనట్టు. మేము ఏనుగు బొమ్మ అంటించాం. మూడు రోజులు అద్భుతంగా పనిచేసింది. నాలుగో రోజు ఏనుగుని కాలితో తొక్కితే దానికి నొప్పేస్తుందని బూట్లే వేసుకోనన్నాడు. బండి బొమ్మ పెట్టుకోండి, జంతువులొద్దు.

లేసుల సంగతి అడక్కండి. పెద్దది ఈ మధ్యే నేర్చుకుంది, చాలామంది పిల్లలకి ఐదు నుంచి ఏడేళ్ళ మధ్యలో వస్తుందిట. నేర్చుకున్న వారంలో ఇంట్లో లేసున్న ప్రతిదానికీ ముడి వేసింది. వాళ్ళ నాన్న ఆఫీసు బూట్లు రెండింటినీ కలిపి కూడా.

ఇద్దరికీ అన్నీ సమానంగా ఇస్తే గొడవలుండవు కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళకి పిల్లలు ఒక్కరై ఉంటారు, లేదా పెద్దవాళ్ళైపోయి ఉంటారు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. గ్లాసులు రెండూ ఒకే రకం, రెండింట్లో పాలు ఒకే ఎత్తులో. పెద్దది వంగి, ఒక కన్ను మూసి, తనిఖీ అధికారిలా చూసి సరేనంది. అంతలో చిన్నోడి గ్లాసుకి చిన్న పగులు కనపడింది. నేను వాడి పాలు వాడి కళ్ళముందే పొడుగ్గా సన్నగా ఉండే గ్లాసులోకి వంపాను. పాల మట్టం పైకి లేచింది. వాడి మొహం వెలిగిపోయింది. "నాకు ఎక్కువొచ్చాయి!" అన్నాడు. అవే పాలు. వంపడం వాడు చూశాడు. అయినా ఎక్కువే.

స్విట్జర్లాండ్‌కి చెందిన జీన్ పియాజే చిన్నపిల్లల మీద చేసిన పేరుమోసిన ప్రయోగం అచ్చంగా ఇదే. రెండు నుంచి సుమారు ఏడేళ్ళ లోపు పిల్లలు ఒకేసారి ఒక్క కొలత మీదే దృష్టి పెడతారు, ఎత్తు పెరిగితే పాలూ పెరిగినట్టే, వెడల్పు తగ్గిన సంగతి లెక్కలోకి రాదు. ఇది చదివినప్పుడు నాకు జ్ఞానోదయం అయినట్టనిపించి, ఇక నుంచి తక్కువ పోసి పొడుగు గ్లాసులో ఇస్తే సరిపోతుందనుకున్నాను. కానీ ఇంట్లో ఆరున్నరేళ్ళది కూడా ఉంది. అది అప్పుడే ఆ గీత దాటింది. "అమ్మ నిన్ను మోసం చేస్తోందిరా, అవే పాలు" అని వాడికి పాఠం చెప్పడానికి కూర్చుంది. వాడు నమ్మలేదు. అది పాలు అటూ ఇటూ వంపి నిరూపించబోయింది. చివరికి ఇద్దరికీ సమానంగానే మిగిలాయి, ఎందుకంటే పాలన్నీ బల్ల మీదున్నాయి.

పంచడానికి నాకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతి, ఒకరు భాగాలు చెయ్యాలి, రెండోవాళ్ళు ముందు ఎంచుకోవాలి. ఇది పెద్దది భాగాలు చేస్తేనే పనిచేస్తుంది. చిన్నోడు భాగాలు చేస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మూడోది వాడి నోట్లో.

పిల్లలు అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టారు, కంగారుపడాలా?

నేను మొదట పడ్డాను. "పళ్ళు తోముకున్నావా?" అంటే "ఆఁ" అన్నాడు. బ్రష్షు ముట్టుకుని చూస్తే ఎండిపోయి ఉంది. ఆ సంగతి అడిగితే "గట్టిగా తుడిచేశాను" అన్నాడు. మర్నాడు బ్రష్షు తడిగా ఉంది, పేస్టు మూత మాత్రం తియ్యలేదు. ఆ తర్వాతి రోజు బ్రష్షు తడి, పేస్టు వాసన, అంతా పక్కాగా ఉంది. నిజంగా తోముకున్నాడేమో అని సంతోషించేలోపు అద్దం మీద పేస్టు మరక కనపడింది. అంటే తోముకోవడం తప్ప మిగతా పనంతా చేశాడు. ఆ శ్రమలో సగం పెడితే తోముకోవడమే అయిపోయేది.

కంగారు తగ్గించిన సంగతి ఏంటంటే, అబద్ధం చెప్పాలంటే ముందు ఎదుటివాళ్ళ బుర్రలో ఉన్నది వేరు, నా బుర్రలో ఉన్నది వేరు అని తెలియాలి. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకి ఒక కథ చెప్పి పరీక్షించారు. ఒక అబ్బాయి చాక్లెట్ ఒక అలమరాలో దాచి బయటికెళ్తాడు, వాళ్ళమ్మ దాన్ని ఇంకో అలమరాలోకి మారుస్తుంది, వాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు ఎక్కువగా చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు, తమకి తెలిసింది అందరికీ తెలుసనే లెక్కలో. నాలుగు దాటుతున్నకొద్దీ, వాడికి మార్చిన సంగతి తెలీదు కాబట్టి పాతచోటే వెతుకుతాడని చెప్పగలుగుతారు. మా వాడు సరిగ్గా ఆ గుమ్మం మీదున్నాడు. నాకు తెలీదని తెలుసుకున్నాడు గానీ, నాకు అద్దం కనపడుతుందని ఇంకా తెలుసుకోలేదు.

పళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఇక్కడ మాత్రం "నేనే చేసుకుంటా" చెల్లదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లలు సొంతంగా అన్ని పళ్ళూ శుభ్రంగా తోముకోలేరు, పెద్దవాళ్ళు ఒక చెయ్యి వెయ్యాల్సిందే. ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళకి బఠాణీ గింజంత చాలు. మా ఇంట్లో ఒప్పందం ఇది: ముందు వాడు తోముకుంటాడు, తర్వాత నేను "తనిఖీ" చేస్తాను. తోముతాను అంటే నోరు తెరవడు, తనిఖీ అంటే తెరుస్తాడు.

దాగుడుమూతల్లో చిన్నోడు ఎప్పుడూ దొరికిపోతాడా?

దొరకడానికి ముందు దాక్కోవాలి కదా. వాడు హాలు మధ్యలో నిలబడి రెండు చేతులతో కళ్ళు మూసుకుంటాడు. పెద్దది మొహం మాడ్చుకుని "అమ్మా, వీడికి ఆట రాదు" అంటుంది. నేను వాణ్ణి అడిగాను, "నువ్వు నాకు కనపడుతున్నావా?" "లేదు." "నీ చెయ్యి కనపడుతోందా?" "ఆఁ, చెయ్యి కనపడుతుంది. నేను కనపడను."

ఈ సమాధానం విని నేను చాలా రోజులు నవ్వుకున్నాను. తీరా చూస్తే 1980లోనే ఫ్లావెల్ అనే మనస్తత్వవేత్త బృందం పిల్లల్ని ఇలాగే అడిగితే ఇలాగే చెప్పారట. 2012లో కేంబ్రిడ్జ్‌లో చేసిన ఇంకో పరిశీలన బట్టి చూస్తే, చిన్నపిల్లల లెక్కలో ఒకరికొకరు కనపడటం అంటే కళ్ళూ కళ్ళూ కలవడం. చెయ్యీ కాలూ శరీరం, "నేను" అనేవాణ్ణి మాత్రం కళ్ళ దగ్గరెక్కడో ఉంటాను. ఆలోచిస్తే అంత తప్పేం కాదనిపిస్తుంది. అప్పిచ్చినవాళ్ళు ఎదురైతే పెద్దవాళ్ళం మనం చేసేది కూడా అదేగా.

రేపు, నిన్న ఎప్పటికి తెలుస్తాయి?

మా చిన్నోడి క్యాలెండర్లో మూడే రోజులున్నాయి. ఇప్పుడు, నిన్న, పడుకుని లేచాక. నిన్న అంటే ఈ రోజు పొద్దున కావచ్చు, పోయినేడాది కావచ్చు, వాడు పుట్టకముందు కావచ్చు. "నిన్న నేను చిన్నప్పుడు" అని కథలు మొదలుపెడతాడు. "రేపు నేను పడ్డాను కదా, ఇక్కడ" అని మోకాలు చూపిస్తాడు. ఎల్లుండి అన్న మాట వాడికి భలే నచ్చింది, అర్థం తెలీదు గానీ చెయ్యాల్సిన పనులన్నీ ఎల్లుండికి వేస్తున్నాడు. "బొమ్మలు ఎప్పుడు సర్దుతావు?" "ఎల్లుండి." వీడికి భవిష్యత్తు ఉందని వాళ్ళ నాన్న మురిసిపోతున్నాడు.

"ఐదు నిమిషాల్లో వస్తా" అంటే వాళ్ళకి అర్థమవుతుందా?

అవదు. కానీ వాళ్ళు మనకి తిరిగి చెప్పడం మాత్రం నేర్చుకుంటారు.

ఇంటిపనుల్లో సాయం చేస్తామంటే చెయ్యనివ్వాలా?

చెయ్యనివ్వండి, కానీ సాయం అన్న మాటకి అర్థం మార్చుకోండి. పెద్దది ఒకరోజు నాకు చెప్పకుండా అద్దం తుడిచింది. పళ్ళు తెల్లగా అవుతాయి కాబట్టి అద్దం కూడా అవుతుందని టూత్‌పేస్టుతో. ఆ తెల్లటి పొర మీద వేలితో "అమ్మ" అని రాసింది. దాన్ని కడగడానికి పట్టిన టైంలో అద్దం పదిసార్లు తుడవచ్చు. చిన్నోడు బట్టలు మడతపెడతాడు. వాడి మడత అంటే బట్టని ముద్దచేసి దాని మీద కూర్చోవడం.

అయినా ఆపకూడదనే నా అభిప్రాయం. 2006లో వార్నెకెన్, టొమాసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు ఏడాదిన్నర పిల్లల ముందు బట్టలు ఆరేస్తున్నట్టు నటించి క్లిప్పు కింద పడేసుకుని అందనట్టు చెయ్యి చాపితే, ఎవరూ అడక్కుండానే ఆ బుడతలు లేచివెళ్ళి తీసిచ్చారు. ఎవరూ శభాష్ అనలేదు, చాక్లెట్ ఇవ్వలేదు. ఆ ఇద్దరే 2008లో ఇంకోటి గమనించారు, సాయం చేసినందుకు ప్రతిసారీ బహుమతి ఇస్తూపోతే, అది ఆగాక పిల్లలు సాయం చెయ్యడం తగ్గించారు. నేను ఇది ఆలస్యంగా తెలుసుకున్నాను. అప్పటికే పెద్దదానికి ప్రతి పనికీ స్టిక్కరు ఇస్తానని చెప్పేశాను. ఒకరోజు నీళ్ళిమ్మంటే "ఎన్ని స్టిక్కర్లు?" అంది. బేరం రెండు దగ్గర తెగింది. దాహంగా ఉంది మరి.

బాత్రూమ్ గడియ కథ నిజమేనా?

నిజమే, పైన చెప్పినప్పుడు లోపలున్నది పెద్దది. దానికి ఈ మధ్య "ప్రైవసీ" కావాల్సొచ్చింది. పర్వాలేదు, దానికి గడియ తియ్యడం వచ్చు. అసలు కథ చిన్నోడిది. అక్కకి ప్రైవసీ ఉంటే నాకూ కావాలని వెళ్ళి గడియ పెట్టుకున్నాడు, తియ్యడం రాలేదు. నేను బయట వణికిపోతూ "కన్నా, భయపడకు, అమ్మ ఇక్కడే ఉంది" అంటున్నాను. లోపల్నుంచి నీళ్ళ చప్పుడు, పాట. వాడికి భయం లేదు, అందిన అవకాశం వాడుకుంటున్నాడు. చివరికి పెద్దది నన్ను పక్కకి జరగమని, తలుపు దగ్గర నోరు పెట్టి, "ఒరేయ్, ఇక్కడ ఒకటి చూపిస్తా, నువ్వు మాత్రం రాకు" అంది. మూడు సెకన్లలో గడియ ఊడింది.

ఇందులో నవ్వని భాగం కూడా ఉంది. ఈ వయసు పిల్లలకి గడియ పెట్టడం ముందొస్తుంది, తియ్యడం తర్వాతొస్తుంది. ఆ రోజే కింది గడియ తీసేసి వాడికి అందనంత ఎత్తులో పెట్టించాం. బకెట్టులో నీళ్ళు నిలవ ఉంచడం మానేశాం, కొద్దిపాటి నీళ్ళు కూడా చిన్నపిల్లలకి ప్రమాదమే. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బొత్తం బ్యాటరీలు కూడా వాళ్ళకి దొరక్కుండా చూడండి. మింగితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిన వస్తువది.

పెద్దది చిన్నోణ్ణి బాగా చూసుకుంటుందా?

చూసుకోవడం కాదు, పాలిస్తుంది. మొన్న పక్కగదిలోంచి "నేను ఎన్నిసార్లు చెప్పాలి? ఒక్కసారి చెప్తే వినవా? నీ వయసులో నేను ఇలా చేసేదాన్నా?" అని వినపడింది. మాట నాదే, గొంతులో విరుపు నాదే, చివర్లో విసిరే నిట్టూర్పు కూడా నాదే. అద్దంలో మొహం చూసుకుంటే ఒకలా ఉంటుంది, అద్దం తిరిగి తిడుతుంటే ఇంకోలా ఉంటుంది.

వాడు మాత్రం చేతులు కట్టుకుని అంతా విని, "సరే అమ్మా" అన్నాడు. అది పొంగిపోయింది.

ఫోన్ వాళ్ళు ఎత్తితే?

ఎత్తనివ్వకండి. పెద్దది ఎత్తి మా ఆఫీసావిడతో "అమ్మ బాత్రూమ్‌లో ఉందండీ. చాలాసేపయింది. ఎప్పుడొస్తుందో చెప్పలేం" అంది. చాలా మర్యాదగా, అండీ కూడా పెట్టి. ఆవిడ నాకింకా ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతూనే ఉంది.

కోపమొచ్చి ఇల్లొదిలి వెళ్ళిపోతానంటే?

మావాడు వెళ్ళాడు. ఎందుకో గుర్తులేదు, బహుశా లిఫ్టు బటన్ అక్క నొక్కేసిందని. (లిఫ్టు బటన్ మీద విడిగా ఇంకో పేజీ రాయొచ్చు. ఒకరు పైకెళ్ళేటప్పుడు, ఒకరు దిగేటప్పుడు అని రాజీ కుదిర్చాం. ఎవరో పక్కింటాయన పాపం మంచిమనసుతో తనే నొక్కేశాడు, ఇద్దరూ కలిసి ఏడ్చారు. ఇద్దరూ ఒక విషయం మీద ఏకమైన అరుదైన సందర్భమది.) సరే, సంచి సర్దుకున్నాడు. ఒక సాక్సు, టార్చిలైటు, టీవీ రిమోట్. రిమోట్ ఎందుకురా అంటే "నేను లేకపోతే మీరు చూడకూడదు" అన్నాడు. ఆ ఒక్క జవాబుతో వాడు ఎక్కడైనా బతికేస్తాడని నాకు ధైర్యం వచ్చింది. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు వేసుకుని, తిరగేసే అనుకోండి, వెనక్కి తిరిగి "అమ్మా, సంచి బరువుగా ఉంది, కొంచెం పట్టుకుని రావా" అన్నాడు.

తిట్టాల్సిన చోట నవ్వొస్తే ఏం చెయ్యాలి?

ఫ్రిజ్ తలుపు తెరిచి అందులో తల పెట్టండి. ఏదో వెతుకుతున్నట్టుంటుంది. మా ఇంట్లో నేనూ వాళ్ళ నాన్నా ఒకేసారి నవ్వొచ్చి ఒకే ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తిన రోజులున్నాయి.

పకపకా నవ్వేస్తే ఆ పని మర్నాడు మళ్ళీ చేసి చూపిస్తారు. అలాగని ఎప్పుడూ బిగుసుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. కానీ వాళ్ళు నిజంగా కష్టపడుతున్నప్పుడు, ఆ బొత్తంతో కుస్తీ పడుతున్నప్పుడు, నవ్వు వాళ్ళ కంటపడకుండా చూసుకుంటాను. వాళ్ళకది కామెడీ కాదు. ఒకసారి నేను నవ్వితే చిన్నోడు చొక్కా విప్పేసి "నువ్వే వేసెయ్" అన్నాడు. వేశాను. అర నిమిషంలో అయిపోయింది. ఇంత త్వరగా బయలుదేరిన రోజు ఈ మధ్య లేదు, అయినా దారంతా నాకు ఏదోలా ఉంది.

రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?

పడుకోబెట్టే టైం వేరు, పడుకునే టైం వేరు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పినదాని ప్రకారం మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఈ లెక్క పెద్దదానికి చదివి వినిపించడం నేను చేసిన పొరపాటు. "అయితే నేను తమ్ముడి కన్నా గంట ఆలస్యంగా పడుకోవచ్చు" అని అదే రాత్రి అమల్లో పెట్టింది. ఆ గంటంతా, తను మెలకువగా ఉన్న సంగతి వాడికి తెలియాలి కాబట్టి, ఐదు నిమిషాలకోసారి గదిలోకెళ్ళి "పడుకున్నావా?" అని లేపింది.

మరి ఎప్పుడు తేలికవుతుంది?

ఇది అన్నిటికన్నా ఎక్కువగా అడిగేది. ఒక్కో పనీ ఒక్కో రోజు, మనకి చెప్పకుండా తేలికైపోతుంది. పోయిన నెలలో ఒకరోజు నేను గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాను, మామూలుగా ఏడు నిమిషాలు. చిన్నోడు గదిలోంచి వచ్చాడు. ఐదు బొత్తాలూ పెట్టి ఉన్నాయి, ఏదీ ఎక్స్‌ట్రా లేదు. బొత్తంతో మాట్లాడటం నాకు వినపడలేదు. లోపలే మాట్లాడుకున్నాడేమో.

ఆ సాయంత్రం ఇద్దరూ దుప్పట్లతో గుడారం కట్టుకున్నారు. లోపల టార్చిలైటు వెలుగుతోంది, గుసగుసలు, మధ్యలో కిసుక్కుమని నవ్వు. మామూలుగా ఇలాంటప్పుడు చిన్నోడు "అమ్మా, మనం ఆడుకుందాం రా" అని చెయ్యి పట్టి లాగుతాడు. నేను వెళ్ళి దుప్పటి కొంచెం ఎత్తాను. వాడు తల బయటపెట్టాడు.

"అమ్మా, మేము ఆడుకుంటున్నాం."

మేము. ఈ మనం, మేము తేడా వాడికి రావట్లేదని పెద్దది రోజూ దిద్దుతూ ఉండేది. వచ్చేసింది. నేను "సరే నాన్నా" అని దుప్పటి దించాను. లోపల్నుంచి పెద్దది వాడితో అంటోంది, "అలా చెప్పకూడదు, అమ్మ ఫీలవుతుంది". వాడు మళ్ళీ తల బయటపెట్టి, కాస్త ఆలోచించి, "నువ్వు ఎల్లుండి రా" అన్నాడు.